కొన్న బండికి తాళం ఎవరిది?

ఒక వస్తువును పూర్తిగా తయారుచేసి, పూర్తి బరువుతో కొన్నవాడి ఇంటికి పంపి, అందులో కొంత భాగానికి తాళం వేసి, ఆ తాళం తీయడానికి మళ్ళీ డబ్బు అడగడాన్ని వ్యాపారం అనవచ్చునా? అనకూడదని నా వాదన. ఎలక్ట్రిక్ కార్లు, స్కూటర్లు వచ్చాక ఈ పద్ధతికి 'పెర్ఫార్మెన్స్ అప్‌గ్రేడ్' అని ముద్దుపేరు పెట్టారు. సర్వీస్ సెంటరుకు వెళితే బానెట్ కూడా ఎత్తరు. ఒక తీగ తగిలిస్తారు. కొన్ని బండ్లకు ఆ తీగ కూడా అక్కరలేదు, ఇంటి ముందు నిలబెట్టి ఉంచితే చాలు. కాసేపటికి బండికి కొత్త బలం వస్తుంది. కొత్త బలం అన్నాను గాని, అది కొన్న రోజునుంచీ ఆ బండిలో ఉన్న బలమే.

పెట్రోలు బండికి జోరు పెంచాలంటే పట్టరలో బోరు కొట్టించాలి, పిస్టన్ మార్చాలి, కార్బురేటర్ విప్పాలి. మెకానిక్ చేతులకు మసి అంటేది, మనం ఇచ్చిన డబ్బు దేనికి పోయిందో కంటికి కనబడేది. ఎలక్ట్రిక్ బండిలో ఆ బాధ లేదు. బ్యాటరీలోనుంచి మోటారుకు ఎంత కరెంటు వదలాలో ఇన్వర్టర్ అనే పెట్టె చూసుకుంటుంది. ఆ పెట్టె దాటకూడని హద్దు ఒక అంకె. అంకె మారిస్తే బండి మారుతుంది. ఇంజనీర్లకు ఇది సౌకర్యం, నేను కాదనను. కాని ఆ అంకెను మార్చే అధికారం బండి కొన్నవాడికి లేక, అమ్మినవాడి దగ్గరే ఉండిపోయింది చూశారూ, పేచీ అంతా అక్కడ ఉంది.

ఇదేదో అమెరికా ముచ్చట అనుకోకండి. మన తమిళనాడులోనే, అందులోనూ తెలుగువాళ్ళు పుష్కలంగా ఉన్న కృష్ణగిరి జిల్లాలో, పోచంపల్లిలో (పట్టుచీరల పోచంపల్లి కాదు, మన పక్కదే) ఓలా స్కూటర్ల ఫ్యాక్టరీ ఉంది. 2021 ఆగస్టు 15న ఆ కంపెనీ రెండు రకాలు ప్రకటించింది. ఎస్1 ధర 99,999 రూపాయలు, ఎస్1 ప్రో ధర 1,29,999. చిన్నదాని వేగం గంటకు 90 కిలోమీటర్లు, పెద్దదానిది 115. చిన్నదానికి చిన్న బ్యాటరీ, పెద్దదానికి పెద్ద బ్యాటరీ అని చెప్పి బుకింగులు పట్టారు. 2022 జనవరి వచ్చేసరికి మాట మారింది. చిన్నది బుక్ చేసినవాళ్ళకు కూడా పెద్దదాని సామానుతోనే బండి ఇస్తాం, కాని సాఫ్ట్‌వేరుతో అది చిన్నదానిలాగే నడుస్తుంది, పెద్దదానిలా నడవాలంటే 30,000 రూపాయలు కట్టి అప్‌గ్రేడ్ చేసుకోవచ్చు అన్నారు. రెండు ధరల మధ్య తేడా ఎంతో తాళం వెల సరిగ్గా అంతే.

దీన్ని కంపెనీ ఉదారత అన్నవాళ్ళు ఉన్నారు. లక్ష రూపాయలకే పెద్ద బండి ఇంటికి వచ్చిందిగదా, ఇంకేం కావాలి అని వాళ్ళ వాదన. వచ్చింది, నిజమే. దాని బరువు మోసేది కొన్నవాడు, టైరు అరిగేది అతనికి, రేపు ఏదైనా చెడితే బాగుచేయించుకునేదీ అతనే. అనుభవించడానికి మాత్రం అనుమతి లేదు. పెళ్ళివారింట ఆకు వేసి, అన్నీ వడ్డించి, గారెల మీద మూత పెట్టి, మూత తీయాలంటే చదివింపులు ఇంకో నూటపదహార్లు అన్నట్టుంది.

ఇక నా వృత్తి సంగతి. ఒక మిల్లులో పనిచేసే కుర్రవాడు స్కూటరు అప్పుకు దరఖాస్తు పెట్టాడు. కంపెనీ పేరు అనవసరం. కొటేషనులో స్కూటరు ధర ఒక వరుసలో ఉంది, దాని కింద 'పెర్ఫార్మెన్స్' అని ఇంకో వరుస, దానికి వేలల్లో వెల. ఈ రెండో వరుసకు హామీ ఏమిటని షోరూము మనిషిని ఫోనులో అడిగాను. "అది యాప్‌లో ఉంటుంది సార్, కస్టమర్ అకౌంటుకు పడుతుంది" అన్నాడు. బండి మీద బ్యాంకు హైపోథికేషన్ ఉంటుంది, ఆ సంగతి ఆర్.సి.లో నమోదవుతుంది. అప్పు తీరకపోతే బండి పట్టుకొని వేలం వేస్తాం. మరి బండి నా చేతికి వచ్చి, బలం కుర్రవాడి యాప్‌లో మిగిలిపోతే నేను వేలం వేసేది దేన్ని? ఇన్నేళ్ళ ఉద్యోగంలో బంగారం మీద, భూమి మీద, మర మీద, గోదాములో ఉన్న పత్తిబేళ్ళ మీద అప్పు ఇచ్చాను. అంకె మీద ఎన్నడూ ఇవ్వలేదు. ఆ వరుస కొట్టేసి మిగతాదానికి మంజూరు చేశాను. కుర్రవాడికి కోపం వచ్చింది. "రెండూ ఒకే బండే సార్, నాది మాత్రం ఎందుకు మెల్లగా పోవాలి?" అన్నాడు. నాకు దానికి జవాబు దొరకలేదు, ఈ రోజుకీ దొరకలేదు.

ధరను ముక్కలు చేసి వేర్వేరు వరుసల్లో రాయడం వెనక ఇంకో కథ కూడా ఉంది. కేంద్రప్రభుత్వపు ఫేమ్ రెండో విడత పథకంలో (2019 ఏప్రిల్ నుంచి 2024 మార్చి దాకా నడిచింది) స్కూటరు ఫ్యాక్టరీ ధర లక్షన్నర దాటితే సబ్సిడీ లేదు. కొందరు తయారీదారులు ఛార్జరును, సాఫ్ట్‌వేరును బండి ధరలో చూపకుండా విడిగా అమ్ముతున్నారని ప్రభుత్వం విచారణ మొదలుపెట్టింది. 2023లో ఓలా, అథర్, టీవీఎస్, హీరో కంపెనీలు ఛార్జరుకు వసూలు చేసిన డబ్బు కొన్నవాళ్ళకు తిరిగి ఇస్తామని ఒప్పుకున్నాయి. ఛార్జరు లేని ఎలక్ట్రిక్ బండి ఏమిటండీ? బావి అమ్మి చేద విడిగా అమ్మినట్టు. హోసూరులో తయారయ్యే అథర్ స్కూటరుకు 'ప్రో ప్యాక్' అని సాఫ్ట్‌వేరు సదుపాయాల మూట ఒకటి వేరే ధరకు అమ్మారు. ఇదంతా రహస్యంగా జరగలేదు, ప్రకటనల్లో పెట్టే అమ్మారు. ప్రకటించినంత మాత్రాన న్యాయమైపోదని మాత్రం చెబుతున్నాను.

కార్ల దగ్గరికి వస్తే అంకెలు పెద్దవి. టెస్లా వాళ్ళు 2019 డిసెంబరులో ఒక మోడలుకు వేగం అందుకునే సమయం అర సెకను తగ్గించడానికి రెండువేల డాలర్లు పెట్టారు. మెర్సిడెస్ వాళ్ళు 2022 నవంబరులో అమెరికాలో ఇంకో మెట్టు ఎక్కారు. ఒకసారి కడితే చాలదు, ఏటా 1,200 డాలర్లు కట్టాలి అని అప్పుడు అన్నారు. అంటే కారు మనది, గుర్రబ్బలం అద్దెకు! 2025లో ఫోక్స్‌వ్యాగన్ బ్రిటన్‌లో ఐడి.3 కారుకు నెలకు 16 పౌన్ల 50 పెన్నీలు, లేదా ఒక్కసారిగా 649 పౌన్లు అంది. అందులో ఒక చిత్రమైన సంగతి బయటపడింది. అప్‌గ్రేడ్ చేసుకుంటే ఇన్సూరెన్సు పెరుగుతుందా అని పత్రికలవాళ్ళు అడిగితే, పెరగదు, కారు మొదటినుంచీ ఎక్కువ బలం ఉన్నదిగానే నమోదయింది అని జవాబు వచ్చింది. తాళం వేసిన బలానికి కూడా ఇన్సూరెన్సు లెక్క కడుతున్నారన్నమాట. చందా కట్టనివాడు తనకు లేని బలంతోనే కాగితం మీద కనిపిస్తున్నాడు. బి.ఎం.డబ్ల్యు. వాళ్ళు సీటు వెచ్చబడటానికి నెల చందా పెట్టి, జనం తిట్టిపోస్తే 2023లో మానుకున్నారు. తిడితే మానుకుంటారని తెలుసుకోవడానికైనా ఆ ఉదాహరణ పనికివస్తుంది.

తాళానికి సమర్థనగా చెప్పే మాటల్లో నేను గౌరవించేది ఒకటే. బ్యాటరీని చివరి బొట్టు దాకా పిండితే త్వరగా పాడవుతుంది, అందుకే హద్దు పెట్టాం అంటారు. ఒప్పుకుంటాను. బస్సులకు స్పీడ్ గవర్నర్ పెట్టడం లేదా? కాని క్షేమం కోసం వేసిన తాళమైతే డబ్బు తీసుకొని ఎందుకు విప్పుతారు? ముప్పైవేలు కట్టగానే బ్యాటరీకి ఆయుస్సు పెరుగుతుందా? 2017 సెప్టెంబరులో ఫ్లోరిడా మీదికి ఇర్మా తుఫాను వచ్చినప్పుడు, ఊళ్ళు విడిచి పారిపోతున్న జనం కోసం టెస్లా కొన్ని పాత కార్లకు ఉన్న తాళాన్ని దూరంనుంచే తీసింది. కారు ఇంకా ఎక్కువ దూరం పోయింది. తుఫాను వెళ్ళాక తాళం మళ్ళీ వేసింది. ఆ తాళం అమ్మకం కోసం వేసిందే తప్ప బ్యాటరీ కోసం కాదని ఇంతకన్నా సాక్ష్యం అక్కరలేదు. తీసినందుకు మెచ్చుకున్నారు చాలామంది. నాకు మాత్రం, ప్రాణం మీదికి వచ్చినప్పుడు కూడా తన కారు ఎంత దూరం పోవాలో ఎవరో ఇంకో ఊళ్ళో కూర్చుని నిర్ణయించారు గదా అనిపించింది.

"బ్యాంకువాడివి, ఛార్జీల గురించి నువ్వా మాట్లాడేది?" అని మిత్రులు వెక్కిరిస్తారు. వెక్కిరించనివ్వండి. లాకరుకు మేం అద్దె తీసుకుంటాం, నిజమే. లాకరు బ్యాంకుది. అందులో ఉన్న నగకు అద్దె తీసుకోం.

బి.కాం.లో మర్కంటైల్ లా చదివినవాళ్ళకు 1930 నాటి సేల్ ఆఫ్ గూడ్స్ చట్టం గుర్తుంటుంది. దాని 14వ సెక్షను ప్రకారం, అమ్మినవాడు కొన్నవాడికి వస్తువును నిరాటంకంగా అనుభవించే హామీ ఇచ్చినట్టే, కాగితం మీద రాసినా రాయకపోయినా. ఈ తాళం ఆ హామీకి విరుద్ధమని ఏ కోర్టూ చెప్పిందని నేను అనడం లేదు. ఆ చట్టం రాసినవాళ్ళు అమ్మిన వస్తువు అమ్మినవాడి మాట వింటూనే ఉంటుందని ఊహించి ఉండరు. మరోవంక మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ఉంది. కంపెనీ మొదట ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదని అది అంటుంది, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే గట్టిగా చెప్పింది. మన పట్టరలో పనిచేసే మెకానిక్ హద్దు అంకె మారిస్తే అది నేరం, వారంటీ కూడా పోతుంది. కంపెనీవాడు అదే అంకె మారిస్తే అప్‌గ్రేడ్. పైగా 2022 జూన్ 1 నుంచి ఎలక్ట్రిక్ కారు థర్డ్ పార్టీ ప్రీమియం కిలోవాట్లను బట్టి ఉంది. 30 నుంచి 65 కిలోవాట్ల దాకా 2,904 రూపాయలు, 65 దాటితే 6,712 అని అప్పుడు నిర్ణయించారు. రేపు ఒక కారు సర్వీస్ సెంటరులో అరగంట నిలబడి 65 దాటిందనుకోండి, ఆర్.సి. దిద్దేదెవరు, ఇన్సూరెన్సు కంపెనీకి చెప్పేదెవరు? ప్రమాదం జరిగాక ఈ ప్రశ్న అడిగే మొదటి మనిషి క్లెయిము కొట్టేయాలని చూసేవాడే.

అన్ని అప్‌గ్రేడులనూ ఒకే గాటన కట్టను. 2022 జూలైలో టాటా వాళ్ళు నెక్సాన్ ఈవీ ప్రైమ్ విడుదల చేసినప్పుడు, అంతకుముందు నెక్సాన్ ఈవీ కొన్నవాళ్ళకు కూడా క్రూయిజ్ కంట్రోలు, బ్రేకు వేసినప్పుడు కరెంటు వెనక్కి రాబట్టే వేర్వేరు స్థాయిలు, టైరు గాలి హెచ్చరిక ఇవన్నీ సర్వీస్ సెంటరులో ఉచితంగా సాఫ్ట్‌వేరుతో కలిపి ఇచ్చారు. అది మర్యాద. కొత్త పని చేసి, కొత్త సామాను బిగించి డబ్బు అడిగితే అదీ మర్యాదే. చేసిన పనికి కూలి ఇవ్వనివాళ్ళం కాము మనం.

ఇది మన నేలకు మరీ పొసగని పద్ధతి. 1936లో పి.ఎ.సి. రామస్వామి రాజా గారు రాజపాళయం మిల్లు పెట్టిన నాటినుంచి ఈ ఊరు మరలతో బతుకుతోంది. రింగ్‌ఫ్రేము కొన్న మిల్లు నూలు నంబరును బట్టి పుల్లీ మార్చి స్పిండిలు వేగం సవరించుకుంది. ఏ మరల కంపెనీకీ అందుకోసం చందా కట్టలేదు. కోయంబత్తూరు జి.డి. నాయుడు గారు (1893-1974) పడుచుతనంలో ఒక దొర దగ్గర మోటారుసైకిలు కొని, మొత్తం విప్పి, మళ్ళీ బిగించి విద్య నేర్చుకున్నారన్నది ఇక్కడి తెలుగు పిల్లలందరూ విన్న కథ. 1937లో బాలసుందరం నాయుడు గారితో కలిసి ఈ దేశంలో మొదటి ఎలక్ట్రిక్ మోటారు చేసింది ఆయనే. ఆ మోటారు వారసులనే ఈనాడు తాళం వేసి అమ్ముతున్నారు. విప్పి చూసే పిల్లవాడికి ఇప్పుడు మొదట ఎదురయ్యేది పాస్‌వర్డు. కేంద్ర వినియోగదారుల శాఖ 2022 డిసెంబరులో మరమ్మతు హక్కు కోసం ఒక పోర్టల్ తెరిచింది, మంచిదే. బాగుచేసుకునే హక్కు అడుగుతున్నాం, ఉన్నదాన్ని వాడుకునే హక్కు దానికంటే ముందుది కాదా?

నేను కోరేది అసాధ్యమేమీ కాదు. 2024 అక్టోబరు 1 నుంచి మేము రిటైల్ అప్పు ఇచ్చేముందు ముఖ్య వివరాల పత్రం ఇచ్చి తీరాలని రిజర్వు బ్యాంకు శాసించింది. వడ్డీ, ఛార్జీలు అన్నీ అందులో ఉండాలి, అదీ అప్పు తీసుకునేవాడికి అర్థమయ్యే భాషలో ఉండాలి. అప్పు ఇచ్చేవాడికి ఉన్న ఈ నియమం బండి అమ్మేవాడికి ఎందుకు లేదు? బండిలో నిజంగా ఉన్న బ్యాటరీ ఎంత, తెరిచి ఇచ్చింది ఎంత, మూసింది ఎంత, మూసినదాన్ని తెరవడానికి వెల ఎంత, ఆ వెల రేపు పెంచుతారా, చందా ఆగితే బలం తగ్గుతుందా, ఇవి ఒక కాగితం మీద, అరవంలోనో తెలుగులోనో రాసి సంతకానికి ముందు చేతికి ఇవ్వాలి. ఇప్పుడు ఫోనులో వేలితో కిందికి తోసి 'అంగీకరిస్తున్నాను' అని నొక్కే ఆ ఇంగ్లీషు షరతులను ఇంగ్లీషు వచ్చిన నేను కూడా చివరిదాకా చదవలేకపోయాను.

అది వచ్చేదాకా సర్వీస్ సెంటరుకు వెళ్ళేవాళ్ళు ఒక్క పని చేయండి. రసీదు మీద మీ పేరు మాత్రమే కాక బండి ఛాసిస్ నంబరు రాయించుకోండి. ఫోక్స్‌వ్యాగన్ వాళ్ళు సైతం 649 పౌన్ల అప్‌గ్రేడ్ మనిషికి కాదు, కారుకే అంటుకుని ఉంటుందన్నారు. కారు అమ్మితే కొత్తవాడికి దక్కుతుంది. మీ రసీదులో ఆ నంబరు లేకపోతే, ఏడేళ్ళ తరువాత మీరు బండి అమ్మేటప్పుడు కొనేవాడు మీ ముందే యాప్ తెరిచి, బలం కనబడక, ధర తగ్గించి అడుగుతాడు. రాయము అని సర్వీసువాళ్ళు అంటే, ఎందుకు రాయరో అదే కాగితం మీద రాసి ఇమ్మనండి.