చేప పలకకు ఎన్ని రెక్కలు?

సూర్యాపేటకు సముద్రము దూరము. కోదాడ, మిర్యాలగూడలకును అంతే. అయినను మిర్యాలగూడ మీదుగా పోవు రైళ్లును, సూర్యాపేట కోదాడల మీదుగా పోవు రహదారియు ఆ దూరమును చాలవరకు తగ్గించినవి. సెలవులలో విశాఖపట్టణమునకు పోయి, రుషికొండ తీరమున అలలపై పలకనెక్కి నిలువ నేర్చుకొనవలెనని కోరు విద్యార్థులకు నేడు ఆ కోరిక అందనిది కాదు. అట్టివారి మనస్సును మొదట నాకర్షించునది చేప పలక యనబడు పొట్టి పలక. దాని యడుగున ఎన్ని రెక్కలుండవలెను, అవి యెట్టివి కావలెను అను విషయమున మా యభిప్రాయమును ఇచ్చట తెలుపుచున్నాము. ఆటకు సంబంధించిన యింత చిన్న విషయమునకు పత్రికలో చోటేల యని తలిదండ్రులు శంకింపవచ్చును. వారి ధనమును, అంతకంటె ముఖ్యముగా వారి బిడ్డల క్షేమమును ఇందు ముడిపడి యున్నవి. కావున ఇది చిన్న విషయము కాదు.

రెక్క యెందులకు? కృష్ణలో పుట్టి నడుచుట చూచినవారికి దీని సమాధానము సులభముగా తోచును. పుట్టి గుండ్రనిది. దానిని ఒక దారిని నిలుపునట్టిది అడుగున ఏదియు లేదు. ఒక ప్రక్కనే తెడ్డు వేసినచో అది యున్నచోటనే గిరగిర తిరుగును. అందుచేతనే పుట్టి నడుపువాడు తెడ్డును ముందువైపున వేసి, నీటిని తనవైపునకు లాగుకొనుచు పోవును. రెక్కలేని అలల పలకయు అల వాలున నిలువక ప్రక్కకు జారును. పూర్వము హవాయి ద్వీపవాసులు కాలిని నీట ఈడ్చి పలకను త్రిప్పుకొనెడివారు. 1935లో టామ్ బ్లేక్ అను అమెరికా దేశీయుడు పలక వెనుకభాగమున నొక రెక్కను బిగించెను. కర్రు నేలలో దిగియుండుటచేత నాగలి చాలు తప్పనట్లు, రెక్క నీటిలో దిగియుండుటచేత పలక దారి తప్పదు.

చేప పలక పుట్టుక 1967 ప్రాంతమునాటిది. నాగార్జునసాగరు కాలువలకు మొట్టమొదట నీరు విడిచినదియు ఆ సంవత్సరముననే. కాలిఫోర్నియాలోని శాన్ డియాగో పట్టణమున స్టీవ్ లిస్ అను యువకుడు మోకాళ్లపై నిలిచి అలలనెక్కుటకు దీనిని చేసెను. ఇది పొట్టిది, వెడల్పైనది, అడుగున చదునైనది. తోక చేపతోకవలె రెండుగా చీలియుండును. వెడల్పైన తోకకు నడుమ ఒకే రెక్క యున్నచో, పలక ఒక ప్రక్కకు ఒరిగినప్పుడు ఆ రెక్క నీటినుండి పైకి లేచి పట్టు విడుచును. తోకను చీల్చి, ఒక్కొక్క చీలికకు ఒక్కొక్క రెక్క నిచ్చుటచేత ఏవైపునకు ఒరిగినను ఒక రెక్క నీటిలోనే యుండును.

నేడు ఈ పలకకు నాలుగు విధముల అమరికలు కలవు. మొదటిది, పొడుగు తక్కువయై మొదలు వెడల్పుగానుండు కీల్ రెక్కలు రెండు. ఇవి పలకను తిన్నగా, వేగముగా పోనిచ్చును. మలుపు పెద్దదిగా, నిదానముగా నుండును. రెండవది, మొదలు కురుచయై నిలువుగానుండు రెక్కలు రెండు. వీనితో పలక చురుకుగా తిరుగును గాని త్వరగా జారును. మూడవది, ఆ రెంటి వెనుక నడుమ ఒక చిన్న రెక్కను చేర్చుట. జారుడు తగ్గును, వేగమును కొంత తగ్గును. నాలుగవది, ప్రక్కకు రెండేసి చొప్పున నాలుగు రెక్కలు. నిట్టనిలువు అలపై ఇవి గట్టిగా పట్టుకొనును, వేగమును పోనీయవు.

ఇందులో ఏది మంచిది? ఈ ప్రశ్న అడుగురీతియే తప్పని మా యభిప్రాయము. నల్లరేగడికిని చల్కకును ఒకే నాగలి చాలునని మన రైతు అనడు. ఎద్దుల బలము, నేల తడి చూచినగాని చేనికి పోడు. పలక నెక్కువాడును తన బరువును, తన నేర్పును, తానెక్కబోవు అలను చూచుకొనవలెను. మన తీరమున తుపానులు, ఋతుపవనపు పోటు లేని దినములలో అలలు తరచుగా చిన్నవి, బలము తక్కువవి. అట్టి అలపై వేగమును నిలుపుకొనుటయే కష్టము, జారుట కాదు. కావున చేప పలకను మొదట చేపట్టువారికి కీల్ రెక్కలు రెండే తగినవని మేము తలంచుచున్నాము. కొంతకాలము వానితో సాగి, మలుపు మందముగా తోచినచో నిలువు రెక్కలకు మారవచ్చును. తోక జారుచున్నదని తెలిసినచో చిన్న రెక్కను చేర్చవచ్చును. ఎత్తైన అలల నెక్కు నేర్పు వచ్చినపిదప నాలుగు రెక్కల మాట. ఒకమారు ఒక్కదానినే మార్చవలెను. రెండింటిని కలిపి మార్చినవాడు దేనివలన ఏమి కలిగెనో యెరుగజాలడు. కొనునప్పుడు రెక్కలు పలకకు అంటించి యున్నవో, ఊడదీయుటకు వీలగు గూళ్లలో బిగించి యున్నవో విచారించుట మంచిది. అంటించినవానిని మార్చుట కష్టము.

ప్రసిద్ధుడు వాడినదే మేలైనదని మన పిల్లలు నమ్ముచున్నారు. ప్రసిద్ధుల చరిత్రయే దీనిని ఖండించుచున్నది. ఆస్ట్రేలియా దేశీయుడు మార్క్ రిచర్డ్స్ చేప పలకను చూచి, దానిని తన రీతికి మార్చుకొని, రెండు రెక్కల పలకపై 1979 మొదలు 1982 వరకు వరుసగా నాలుగుమార్లు ప్రపంచ విజేత యయ్యెను. ఆతని దేశీయుడే యగు సైమన్ ఆండర్సన్ భారీ మనిషి. రెండు రెక్కల పలక ఆతని కాలిక్రింద నిలువలేదు. విజేతను అనుకరింపక, ఆతడు 1980లో సమానమైన మూడు రెక్కల పలకను చేసికొని, మరుసటి సంవత్సరము బెల్స్ బీచ్ పోటీలో పెద్ద అలలపై గెలిచెను. ఇద్దరును గెలిచినవారే. ఒకరి పలక మరియొకరికి సరిపడలేదు.

ఇక తలిదండ్రులకు ముఖ్యమగు మాట. రెక్కల యెన్నిక ఈత తరువాతిది. సాగరు ఎడమ కాలువలో ఈదితిమన్న ధైర్యముతో సముద్రమున దిగరాదు. కాలువ లాగుడు ఒకేవైపునకు పోవును. సముద్రమున తీరమునుండి లోపలికి లాగు ప్రవాహము పైకి కనబడక మనుష్యుని మోసికొనిపోవును. అందు చిక్కినవాడు ఎదురీది అలసిపోక, తీరమునకు సమానముగా ప్రక్కకు ఈది బయటపడవలెను. లాగుడు ఎచ్చటనున్నదో అచ్చటి జాలరులనడిగి తెలిసికొనుట వివేకము. రెక్క అంచు కత్తివంటిది. పడినపుడు తన పలకయే తనను కోయును. కావున కొత్తవారు మెత్తని రెక్కలు గల నురుగు పలకపై, శిక్షకుని యెదుట, నడుములోతు నీటిలో నేర్చుకొనవలెను. చేప పలక అటుపిమ్మటిది. ఈత రాని బిడ్డకు వెలగల రెక్కలు కొని యిచ్చుట ప్రేమ కాదు.

విద్యార్థులారా, ఎన్ని రెక్కలని యడుగుటకు ముందు, మీ పలక ఏమి చేయుచున్నదో చూచుట నేర్చుకొనుడు. అది జారుచున్నదా, మొండికేయుచున్నదా, వేగము తగ్గుచున్నదా? దీనిని చెప్పగలవాడు అంగడిలో మోసపోడు, నీటిలో తొట్రుపడడు. చూడనేర్చినవానికి రెండు రెక్కలు చాలునో, నాలుగు కావలెనో ఆ పలకయే చెప్పును.