చదవడమంటే విప్పడం

మనుషులకున్నట్లే మాటలకూ పుట్టుపూర్వోత్తరాలుంటాయి. నిత్యం వాడే మాట చరిత్ర తెలిసినప్పుడు ఆ మాట మీదనే గాక, అది సూచించే పని మీద కూడా మనకు గౌరవం పెరుగుతుంది. ఆంగ్లంలోని ‘రీడ్’ అనే క్రియ ఇందుకు చక్కని నిదర్శనం.

వెయ్యేళ్లనాటి ప్రాచీనాంగ్లంలో దీని రూపం ‘రేడన్’. అక్షరాలను చదవడమనే అర్థంతోపాటు ఆలోచన చెప్పడం, ఊహించడం, గూఢమైన దానిని వివరించడం అనే అర్థాలు కూడా ఆనాడు దానికి ఉండేవి. సోదరభాషయైన జర్మనులోని ‘రాటెన్’ అనే క్రియ సలహా చెప్పడం, ఊహించడం అనే అర్థాలను నేటికీ నిలుపుకొన్నది. పొడుపుకథను ఆంగ్లంలో ‘రిడిల్’ అంటారు. ఆ మాట కూడా ఈ మూలం నుండి వెలువడినదే. అనగా చదవడమూ, పొడుపుకథ విప్పడమూ తోబుట్టువులన్నమాట!

క్రీ.శ. 978లో ఇంగ్లండు సింహాసనమెక్కిన ఎథెల్‌రెడ్ రాజుకు ‘అన్‌రెడీ’ అనే బిరుదు తగిలించారు. సంసిద్ధత లేనివాడని దానికి అర్థం చెప్పడం పొరపాటు. మంచి ఆలోచన లేనివాడని దాని అసలు భావం. ‘ఎథెల్‌రెడ్’ అంటే ఉదాత్తమైన ఆలోచన. పేరులో ఉన్న ఆలోచన పాలనలో లేదనే ఎత్తిపొడుపు ఆ బిరుదులో దాగి ఉంది.

లాటిను వారి ‘లెగెరె’, జర్మనుల ‘లేజెన్’ అనే క్రియలకు చదవడంతోపాటు ఏరి కూర్చడమనే అర్థం కూడా ఉన్నది. వారు అక్షరాలను ఏరుకొంటే, ఆంగ్లేయులు వాటిని విప్పుకొన్నారు. ‘రీడ్’కు సంస్కృతంలోని ‘రాధ్’ ధాతువు జ్ఞాతియని భాషావేత్తలు చెబుతారు. సాధించడం, సఫలం కావడం దాని అర్థాలు. మనం సంస్కృతం నుండి గ్రహించిన ‘ఆరాధన’ ఆ ధాతువు నుండి పుట్టినదే.

పూర్వార్థాలతో నేడు మనకేమి పని అని కొందరడుగవచ్చు. అర్థాలు కాలంతో మారుతాయనుట నిజమే. మూలార్థమే సరియైన అర్థమని వాదించడం శాస్త్రసమ్మతం కాదు. కాని మాట మరచిన అర్థాన్ని పని మరువరాదు. ముఖం చూసి మనసు చదివాడని మనమూ అంటాం. అక్కడ అక్షరాలు లేవు, ఊహ ఉన్నది, వివేచన ఉన్నది. పుస్తకం చేతపట్టినప్పుడు మాత్రం ఆ రెండింటినీ పక్కన పెట్టడం ఎంతవరకు సమంజసం?

నేడు పాఠ్యగ్రంథం తెరవకుండానే గైడులోని జవాబులను కంఠస్థం చేసి, పరీక్ష ముగియగానే మరచిపోయే విద్యార్థులు ఎందరో! మార్కులు అవసరమే, ధారణ కూడా అవసరమే. పద్యాన్ని కంఠస్థం చేయడం మన సంప్రదాయంలో గొప్ప సాధన. అయితే పద్యాన్ని ధరించినవాడు దాని అన్వయాన్ని కూడా విప్పుకోవాలి. ఎవరో విప్పిన పొడుపుకథకు జవాబు అప్పజెప్పడంలో ఆనందమేమున్నది?

కనుక విద్యార్థులారా! పాఠంలోని ప్రతి వాక్యాన్నీ ఒక పొడుపుకథగా భావించండి. ‘ఏమి చెప్పాడు?’ అన్న ప్రశ్నతో ఆగక, ‘ఎందుకు చెప్పాడు?’ అని కూడా అడగండి. అప్పుడే చదివినది మీ సొంతమవుతుంది.