ఎటకారం ఒక్కటే చాలదండీ!

గోదారి జిల్లాల వాళ్ళకి ఎటకారం ఎవరూ నేర్పక్కర్లేదు. టీవీలో క్రికెట్ చూస్తూ మనం వేసుకునే జోకులే సాక్ష్యం. మా హాస్టల్ గ్రూపులో ఈమధ్య ఆటగాళ్ళ మీద కంటే ప్రకటనల మీదే ఎక్కువ మీమ్స్ పడుతున్నాయి. పడవా మరి! వికెట్ పడుతుంది, బౌలర్ చేతులు చాచి పరుగు అందుకుంటాడు, ఇంతలో తెరంతా సిమెంటు బస్తా. ఓవర్ చివరి బంతి కీపర్ చేతిలో పడీ పడకముందే సినిమా హీరో యాలకులు నములుతూ ప్రత్యక్షం. పెళ్ళి భోజనంలో పప్పు వడ్డించి, నెయ్యి పడేలోపు విస్తరి లాగేసినట్టుంటుంది. మా తాతయ్యైతే "ఏరా అబ్బాయ్, ఔటయ్యింది ఆడా, మనమా?" అంటాడు.

2023 ఐపీఎల్ ప్లేఆఫ్స్ గుర్తున్నాయా? స్కోరు పట్టీలో డాట్ బాల్ చుక్క పోయి, చిన్న చెట్టు బొమ్మ వచ్చింది. ఒక్కో డాట్ బాల్‌కి 500 మొక్కలు నాటిస్తామని బీసీసీఐ, టాటా కలిసి చెప్పాయి. మే 23న చెన్నై, గుజరాత్ ఆడిన మొదటి క్వాలిఫయర్‌లోనే 84 డాట్ బాల్స్, అంటే 42,000 మొక్కలు. నిదానంగా ఆడే బ్యాటర్లంతా మీమ్స్‌లో రాత్రికి రాత్రే పర్యావరణవేత్తలైపోయారు. "ఇంకో రెండు మెయిడెన్లు పడితే కడియం నర్సరీల్లో మొక్క మిగల్దురా" అన్నాడు మా రూమ్మేట్. ఆ జోకు నాకు ఇప్పటికీ ఇష్టమే. కాకపోతే ఒక్కటి గమనించండి: ఆ నవ్వుతో పాటు స్పాన్సర్ పేరు కూడా పైసా ఖర్చు లేకుండా ఊరూరా తిరిగింది. మనం వేసే మీమ్ వాళ్ళకి రెండో ప్రకటన.

అసలు ప్రకటనలే వద్దని నేను అనను. 2023 నుంచి 2027 దాకా ఐపీఎల్ టీవీ హక్కులకి స్టార్ పాడిన పాట 23,575 కోట్ల రూపాయలు. 410 మ్యాచ్‌లకి పంచితే ఒక్కోదానికి 57.5 కోట్లు. ఆ డబ్బు ఎక్కడో చోట రాబట్టుకోవాలి కదా. కానీ ఆట ఆగినప్పుడు రావడం వేరు, ఆటని తొక్కుకుంటూ రావడం వేరు.

ఇది మన దగ్గరే కాదు, బయటా జరిగింది. 2010 ఫుట్‌బాల్ ప్రపంచకప్‌లో జూన్ 12న ఇంగ్లండ్, అమెరికా ఆడుతున్నాయి. నాలుగో నిమిషంలో జెరార్డ్ గోల్ కొట్టాడు. బ్రిటన్‌లో ఐటీవీ హెచ్‌డీ చూస్తున్నవాళ్ళకి ఆ క్షణంలో కనిపించింది కారు ప్రకటన! జనం మండిపడ్డారు, ఛానెల్ క్షమాపణ చెప్పింది. అక్కడ అది పొరపాటు. ఇక్కడ అది అలవాటు.

మరి మనకి నియమాలు లేవా అంటే, ఉన్నాయి. కేబుల్ టెలివిజన్ నెట్‌వర్క్స్ రూల్స్, 1994లో ఏడో రూల్ చూడండి. ప్రకటన కార్యక్రమానికి అడ్డు రాకూడదని ఉంది. తెర కింది భాగంలో నడిచే రాతలు, నిలిచే రాతలు అని ఉదాహరణ కూడా ఇచ్చారు. గంటకి 12 నిమిషాలు మించకూడదనీ ఉంది. 2012 మేలో ట్రాయ్ ఇంకో అడుగు వేసి, లైవ్ ఆటల్లో ఆట ఆగినప్పుడే ప్రకటన వెయ్యాలి, అదీ పూర్తి తెర మీదే వెయ్యాలి అంది. ఛానెళ్ళు అడ్డం తిరిగాయి. 2013 మార్చికల్లా ఆ షరతులు ఎగిరిపోయి, 12 నిమిషాల పరిమితి ఒక్కటే మిగిలింది.

అందుకే అంటున్నా, మీమ్ వెయ్యండి, తప్పులేదు. పనిలో పనిగా అదే స్క్రీన్‌షాట్‌కి తేదీ, టైము జోడించి ఛానెల్‌కి ఫిర్యాదు కూడా పంపండి. 2021 జూన్‌లో సవరించిన రూల్స్ ప్రకారం వాళ్ళు 15 రోజుల్లో దాని సంగతి తేల్చాలి. గ్రూపులో నవ్వుకుంటే లైకులొస్తాయి, అంతే. రాసి అడిగితే జవాబు చెప్పి తీరాలి. ఎటకారం మానక్కర్లేదండి, దానికి ఓ ఉత్తరం ముక్క జతచేద్దాం.