నీడపట్టున సాగే చాకిరీ

నరసాపురం లేసు అల్లికలకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించింది. గోదావరి డెల్టాలో వేలాది స్త్రీల చేతివేళ్ల మీద తరాలుగా బతుకుతున్న ఒక విద్యకు చట్టం ఒక చిరునామా రాసిచ్చింది. సంతోషించవలసిన విషయమే. అయితే ఈ కళ గురించి మాట్లాడే ప్రతి వేదిక మీదా ఒకే వాక్యం వినిపిస్తోంది: మహిళలు ఇంటిపట్టునే ఉండి, పిల్లల్ని చూసుకుంటూ, తీరిక వేళల్లో సంపాదించుకుంటున్నారు. అధికారి నోటా, వ్యాపారి నోటా, చివరకు స్త్రీల అభ్యున్నతిని కోరే వారి నోటా ఇదే మాట. నా అభ్యంతరం ఆ ‘తీరిక’ అనే మాట మీదనే. ఆ మాట ఎలా పుట్టిందో, ఏ కులంలో ఏ అవసరం కోసం బలపడిందో తెలుసుకోకుండా లేసు అల్లే తల్లులకు జరుగుతున్న అన్యాయం అర్థం కాదు.

బౌడెన్, బీర్ అనే ఇద్దరు ఆంగ్ల మిషనరీలు 1836లో ఈ ప్రాంతానికి వచ్చి నరసాపురాన్ని కేంద్రం చేసుకున్నారు. ఆ శతాబ్దపు నడిమి కాలంలో మెక్రే దంపతులు ఇక్కడి స్త్రీలకు లేసు అల్లిక నేర్పారని చరిత్ర చెబుతోంది. ఆ మొదటి విద్యార్థినులు ఎవరు? క్రైస్తవం స్వీకరించిన పేద స్త్రీలు, ప్రధానంగా మాల, మాదిగ కుటుంబాల వారు. మిషనరీలు దారమిచ్చి పని నేర్పారు, తయారైన లేసును తమ దేశంలోని మిత్రులకు పంపి అమ్మించారు. అంటే నేడు గోదావరి వారసత్వంగా మనం గర్విస్తున్న ఈ అల్లికలో తొలి ముడి వేసినవి ఊరి చివరి పేటల చేతులు. గుర్తింపు వచ్చిన నాటి వార్తల్లో మిషనరీల పేర్లు కనిపించాయి, ఎగుమతిదారుల మాటలు కనిపించాయి. ఆ పేటల ప్రస్తావన నాకు కనిపించలేదు.

తర్వాతి కథ మరీ ఆసక్తికరం. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. మెరక నేలలు మాగాణి అయ్యాయి, పంటతో పాటు పరువు పట్టింపులూ పెరిగాయి. ఇంటి ఆడది పొలం గట్టెక్కకపోవడం కుటుంబ హోదాకు కొలమానంగా మారింది. కలిగిన ఇళ్లలో ఇది పెద్ద కష్టం కాదు. కష్టమంతా కాపు కులంలోని పేద కుటుంబాలకు వచ్చింది. కూలికి పంపితే పరువు పోతుంది, పంపకపోతే పూట గడవదు. ఆ ఇరుకులో లేసు అక్కరకొచ్చింది. గడప దాటకుండా చేయవచ్చు, నలుగురి కంటా పడదు, చూసేవారికి కాలక్షేపంలా కనిపిస్తుంది. అలా దళిత క్రైస్తవ స్త్రీల బతుకుతెరువుగా మొదలైన పని గోషా పాటించే ఇళ్ల మర్యాదకు ముసుగుగా మారింది.

జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ 1978-79లో నరసాపురం ప్రాంతంలో తిరిగి చేసిన అధ్యయనం 1982లో ‘ది లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్’ పేరుతో పుస్తకంగా వచ్చింది. ప్రపంచమంతటా స్త్రీవాద అర్థశాస్త్ర తరగతుల్లో చదివే ఈ గ్రంథం గోదావరి జిల్లాల కళాశాలల్లో ఎంతమందికి తెలుసో సందేహమే. ఇంటి చాకిరీకి తోడు రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు లేసు అల్లే స్త్రీల సంపాదన ఆనాడు రూపాయికి కూడా అందలేదని, వ్యవసాయ కూలి స్త్రీలకు ప్రభుత్వం నిర్ణయించిన కనీస వేతనంలో అది మూడో వంతు కూడా కాదని ఆమె తేల్చారు. వారిని కార్మికులుగా గుర్తించకుండా గృహిణులుగా నిర్వచించడమే ఆ తక్కువ కూలికి పునాది అన్నారు. ఆమె ‘గృహిణీకరణ’ అని పిలిచిన భావన రూపుదిద్దుకున్నది మన పాలకొల్లు, నరసాపురం వాకిళ్లలోనే. ఎగుమతులు పెరిగి డబ్బు కనిపించగానే స్త్రీల చేతుల్లో ఉన్న ఏజెంటు పనులను పురుషులు లాక్కున్న తీరును కూడా ఆమె నమోదు చేశారు.

ఆ పుస్తకంలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది మరో పరిశీలన. పొలంలో పనిచేసే దళిత స్త్రీ లేసు అల్లే కాపు స్త్రీ కంటే ఎక్కువ సంపాదించేది. గుంపుగా పనికి వెళ్లేది, గుంపుగా కూలి రేటు మాట్లాడుకునేది, నోరు విప్పి అడిగేది. లేసు అల్లే స్త్రీ ఒంటరిగా కూర్చుని, ఏజెంటు ఇచ్చినంత పుచ్చుకునేది. అయినా సమాజం దృష్టిలో గౌరవం నీడపట్టున కూర్చున్న వారిదే, ఎండన పడేవారిది కాదు. తక్కువ కూలికి కులం గౌరవం రూపంలో నష్టపరిహారం చెల్లించింది. ఆ పరిహారం వల్ల లాభపడింది వ్యాపారి.

1916లో కొలంబియా విశ్వవిద్యాలయంలో చదివిన పత్రంలో అంబేద్కర్ కులానికి ఆయువుపట్టు అంతర్వివాహమని, దాన్ని కాపాడుకోవడానికే స్త్రీ మీద ఆంక్షలు పుట్టాయని విశ్లేషించారు. గోషాకూ ఆ విశ్లేషణ చక్కగా సరిపోతుంది. కులం స్త్రీ కదలికను కట్టివేసింది, ఆ కట్టుబాటును మార్కెట్టు చవక శ్రమగా కొనుక్కుంది. రెండింటినీ విడదీసి చూసే కుల చర్చ గానీ, స్త్రీ చర్చ గానీ డెల్టాలో సగం దూరమే నడుస్తుంది.

ఇదంతా నలభై ఏళ్ల కిందటి సంగతి కదా అని విద్యార్థులు నన్ను అడుగుతుంటారు. గోషా సడలింది, ఆడపిల్లలు ఇంజనీరింగు చదువుతున్నారు, నిజమే. నరసాపురం సమీపంలోని ఒక ఊళ్లో ఒకామెను రోజుకు ఎన్ని గంటలు అల్లుతారని అడిగాను. “గంటలెక్కడండీ, ఏదో ఖాళీగా ఉన్నప్పుడు అల్లుకుంటామండి” అంది. పిల్లల్ని బడికి పంపాక వంట వరకు, మధ్యాహ్నం అన్నాలయ్యాక పిల్లలు వచ్చే వరకు, రాత్రి అందరూ పడుకున్నాక కళ్లు మూతలు పడే వరకు, ఇద్దరం కూర్చుని కూడితే ఏడు గంటలు తేలింది. “నిజమేనండోయ్” అని తనే ఆశ్చర్యపోయింది. చంటిది పాలు తాగుతున్నంతసేపూ సూది ఆపాలట, చెయ్యి విసురుకు దాని కంటికి తగులుతుందని భయం. తెల్ల దారం కదా, పిల్లల చేతుల మురికి అంటినా, వంటింటి పసుపు మరక పడినా రేటు తగ్గిస్తారట. కాబట్టి పిల్లల్ని దూరంగా కూర్చోబెట్టి అల్లుతుంది. పిల్లల్ని చూసుకుంటూనే సంపాదించడమంటే ఆచరణలో ఇది.

పని విభజన కూడా గమనించదగినది. ఒకరు పువ్వులు అల్లుతారు, దాన్ని చేతిపని అంటారు. ఇంకొకరు ఆ పువ్వులను కలిపి బల్లగుడ్డగానో, దుప్పటిగానో తీర్చుతారు, అది అతుకుపని. పువ్వు అల్లిన స్త్రీకి ఆ దుప్పటి ఎంతకు అమ్ముడైందో తెలియదు, చాలాసార్లు అది పూర్తయ్యాక ఎలా ఉంటుందో కూడా తెలియదు. తన వస్తువును తానే చూడని మనిషిని ‘మహిళా పారిశ్రామికవేత్త’ అనడం మన కాలపు వింతల్లో ఒకటి.

జాతీయ గణాంక కార్యాలయం 2024లో జరిపిన కాల వినియోగ సర్వే ప్రకారం ఇంటి పనుల్లో పాల్గొనే స్త్రీలు రోజుకు సగటున 289 నిమిషాలు, పురుషులు 88 నిమిషాలు వాటిపై వెచ్చిస్తున్నారు. పిల్లలు, వృద్ధుల సంరక్షణ ఇంకా వేరే లెక్క. దీని పైన లేసు అల్లిక. ‘ఇల్లూ పనీ సమన్వయం చేసుకోవడం’ అనే మర్యాదపూర్వకమైన మాట వెనుక ఉన్నది ఈ కూడిక. సమన్వయం చేయవలసిన బాధ్యత ఆమె ఒక్కదానిదే ఎందుకయింది? 1928లో బొంబాయి శాసన మండలిలో ప్రసూతి ప్రయోజన బిల్లును సమర్థిస్తూ అంబేద్కర్ వాదించింది సరిగ్గా దీన్నే. స్త్రీ శ్రమ వల్ల లాభపడే యజమాని ఆమె ప్రసవ కాలపు భారంలో వాటా మోయాలి, జాతికి మేలు జరుగుతున్నది గనుక ప్రభుత్వమూ మోయాలి. 2017 సవరణతో ప్రసూతి సెలవు 26 వారాలకు పెరిగింది, కానీ అది పదిమందికి తక్కువ కాకుండా పనిచేసే సంస్థల్లోని ఉద్యోగినులకే. ప్రొఫెసరుకు ఆ సెలవు ఉంది, నా క్లాసులో కూర్చున్న అమ్మాయి తల్లికి లేదు. ఆమెకు యజమాని అనేవాడే కాగితం మీద లేడు.

యజమాని లేకపోవడం ప్రకృతి నియమమేమీ కాదు. తెలంగాణలో ఇంటి వద్ద బీడీలు చుట్టే స్త్రీలను చూడండి. ఆ పనీ ఇంట్లోనే, అదీ పిల్లల మధ్యనే, ఆకూ తంబాకూ ఇచ్చేది ఏజెంటే. కానీ 1966 నాటి బీడీ, సిగార్ కార్మికుల చట్టం వారిని కార్మికులంది. భవిష్యనిధి వారికీ వర్తిస్తుందని సుప్రీంకోర్టు 1985లో స్పష్టం చేసింది. నిజామాబాద్, కరీంనగర్ ప్రాంతాల్లో సంఘాలు పోరాడినందువల్ల ఆ హక్కు కాగితం దాటి కొంతైనా ఇళ్లకు చేరింది, తర్వాత జీవన భృతి ఇవ్వడానికి ఆ భవిష్యనిధి ఖాతాయే ఆధారమైంది. బీడీ కార్మికురాలి బతుకు సుఖమైందని అనను. ఆమెకు ఒక పేరుంది, ఒక కార్డుంది, ఎదురుగా నిలదీయడానికి ఒక కంపెనీ ఉంది. లేసు విషయంలో చట్టం మౌనంగా కూడా లేదు. ముడిసరుకు తీసుకుని తన ఇంట్లో వస్తువు తయారుచేసి ఇచ్చే వ్యక్తి కూడా ఉద్యోగి నిర్వచనంలోకి వస్తుందని 1948 నాటి కనీస వేతనాల చట్టమే చెప్పింది. 2008 నాటి అసంఘటిత కార్మికుల సామాజిక భద్రతా చట్టం గృహాధారిత కార్మికులను విడిగా నిర్వచించింది. ఇంటి పని ఒప్పందాన్ని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లో ఆమోదించింది, భారతదేశం ఇప్పటికీ దాన్ని ధ్రువీకరించలేదు.

సంక్షేమ పథకాలు ఆమెను ఎలా చూశాయో గమనిస్తే కులానికీ శ్రమకూ మధ్య మన రాజ్యం గీసిన విచిత్రమైన గీత కనిపిస్తుంది. గత ప్రభుత్వ హయాంలో మగ్గమున్న చేనేత కుటుంబానికి నేతన్న నేస్తం కింద ఏటా 24 వేల రూపాయలు వచ్చాయి. లేసు అల్లే స్త్రీ కాపు అయితే కాపు నేస్తం, వెనుకబడిన లేదా దళిత కులాల స్త్రీ అయితే చేయూత, అదీ 45 ఏళ్లు దాటితేనే. చేనేత కార్మికుణ్ని పని ద్వారా గుర్తించిన రాజ్యం ఈమెను కులం ద్వారా, వయసు ద్వారా మాత్రమే గుర్తించింది. చంటిబిడ్డల తల్లిగా, కళ్లు పాడుచేసుకుంటూ అల్లే పాతికేళ్ల స్త్రీగా ఆమె ఎక్కడా లేదు. 2023లో మొదలైన పీఎం విశ్వకర్మ పథకం 18 వృత్తుల జాబితా ఇచ్చింది. వడ్రంగి, కమ్మరి, కుమ్మరి, మంగలి, చాకలి, చెప్పులు కుట్టేవారు, చేపల వలలు అల్లేవారు ఉన్నారు, లేసు అల్లేవారు లేరు. జాబితాలో ఎక్కువ భాగం కులవృత్తులే. ఏ కులానికీ కులవృత్తి కాని పని ఆ జాబితా రాసినవారి కంటికి వృత్తిగా ఆనలేదు. పైగా ఒక కుటుంబంలో ఒక్కరికే లబ్ధి అన్నది ఆ పథకం షరతు. భర్త వడ్రంగో, తాపీమేస్త్రీయో అయితే, రేపు లేసును జాబితాలో చేర్చినా భార్య దరఖాస్తు చెల్లదు.

కొత్త తరం ఒకటి వచ్చింది, దాన్ని చిన్నచూపు చూడను. చదువుకున్న యువతులు క్రోషియా బొమ్మలు, సంచులు అల్లి ఇన్‌స్టాగ్రామ్‌లో అమ్ముతున్నారు. ఏజెంటును తప్పించి తన వస్తువుకు తానే ధర కట్టే అవకాశం వారికి దొరికింది. కానీ ఆ దారిలో నడవడానికి కావలసినవి ఏమిటి? ఇంగ్లీషు, మంచి ఫోను, బ్యాంకు ఖాతా, పార్శిలు తీసుకెళ్లే కుర్రవాడు వెతుక్కోకుండా వచ్చే వీధి, పెట్టుబడి మునిగినా ఇంట్లో పొయ్యి వెలిగే భరోసా, బిడ్డను ఎత్తుకునే మరో మనిషి. ఇవి ఏ కులాల ఇళ్లలో ముందు పోగుపడ్డాయో డెల్టాలో పుట్టినవారికి నేను చెప్పనక్కరలేదు. అదే సూది, అదే దారం పట్టుకుని ఒకామె పారిశ్రామికవేత్త అవుతోంది, పక్క పేటలోని మరొకామె పువ్వుకు ఇంత అని కూలి పుచ్చుకుంటోంది. ఆ కూలి చాలక, బిడ్డను అమ్మమ్మ దగ్గర వదిలి కువైట్ విమానం ఎక్కుతున్నవారూ ఈ మండలాల స్త్రీలే. అక్కడ ఆమె మరొకరి బిడ్డను చూసుకుంటుంది. ఏ సన్మాన సభా ఆమె మాతృత్వం గురించి మాట్లాడదు.

భౌగోళిక గుర్తింపు దగ్గరకు మళ్లీ వస్తాను, ఎందుకంటే అసలు పందెం ఇప్పుడు అక్కడే ఉంది. 1999 నాటి చట్టంలో హస్తకళల విషయంలో ‘ఉత్పత్తిదారు’ అంటే వస్తువును తయారుచేసేవారు, దానితో పాటు ఆ వ్యాపారం చేసేవారు కూడా. అంటే గుర్తింపును వాడుకునే అధికారం కోరే వరుసలో అల్లే స్త్రీ, ఆమెచేత అల్లించుకునే వ్యాపారి పక్కపక్కనే నిలబడతారు. ఆ వరుసలో ఎవరి కాగితాలు ముందు సిద్ధమవుతాయో ఊహించడం కష్టం కాదు. అధికృత వినియోగదారులుగా నమోదైన వారెవరో, వారిలో అల్లే స్త్రీలు ఎందరో, వారిలో దళిత, మత్స్యకార కుటుంబాల వారు ఎందరో సామాజిక వర్గాల వారీగా ప్రకటించమని అడగాలి. ప్రతి వస్తువు మీద దాన్ని అల్లడానికి పట్టిన గంటలు, అల్లిన చేతికి చెల్లించిన మొత్తం ముద్రించమని అడగాలి. పువ్వుకు రేటు కాదు, గంటకు రేటు నిర్ణయించమని కార్మిక శాఖను అడగాలి. లేస్ పార్కులో శిశు సంరక్షణ కేంద్రం, గర్భిణి అయిన కార్మికురాలికి వేతన నష్టం భర్తీ చేసే నిధి, దానికి ఎగుమతి విలువలో నుంచి కొంత సెస్సు, ఇవేవీ గొంతెమ్మ కోరికలు కావు. బీడీ కార్మికుల సంక్షేమానికి సెస్సు వసూలు చేసిన అనుభవం ఈ దేశానికి ఉంది.

2027 జనగణనలో కులం కూడా నమోదు కాబోతోంది. గణకుడు గుమ్మంలోకి వచ్చి పేరు, కులం రాసుకున్నాక ఏం పని చేస్తారని అడుగుతాడు. చాలా ఇళ్లలో సమాధానం చెప్పేది భర్తో, మామగారో. వాళ్లు “మా ఇంట్లో ఆడవాళ్లు పనికి వెళ్లరండి” అంటారు, కొన్ని ఇళ్లలో గర్వంగా అంటారు. పెన్ను ఇంటి పనుల గడిలో పడుతుంది. అప్పుడు ఆ కులంలో పనిచేసే స్త్రీల లెక్క తప్పుతుంది, లేసు పరిశ్రమ కార్మికుల లెక్కా తప్పుతుంది, ఆ లెక్కల మీద రాబోయే పదేళ్ల పథకాలు తయారవుతాయి. నరసాపురం, పాలకొల్లు, రాజోలు కళాశాలల్లో చదువుతున్న పిల్లలు ఆ రోజు ఇంట్లో ఉండేలా చూసుకుంటే మంచిది. అమ్మ రోజుకు ఎన్ని గంటలు అల్లుతుందో ఇప్పటి నుంచే ఒక వారం పాటు పుస్తకంలో రాసిపెట్టుకుంటే గణకుడికి చూపించవచ్చు.