చెట్టు లోపలి అతిథి



పచ్చడి జాడీలో బూజు కనబడితే ఇల్లాలి మనసు చివుక్కుమంటుంది. బూజు అనగానే మనకు పాడైపోవడమే గుర్తుకు వస్తుంది. కాని ఏ మచ్చా లేని పచ్చని ఆకు లోపల కూడా శిలీంధ్రాలు నివసిస్తాయి. అవి మొక్కకు రోగం తెప్పించవు. దానిలో ఆశ్రయం, ఆహారం పొందుతూ, అనేక సందర్భాలలో చీడపీడలను ఎదుర్కొనే రసాయనాలను తయారుచేసి ఆ ఋణం తీర్చుకుంటాయి. శాస్త్రవేత్తలు వీటిని ఎండోఫైట్లు అంటారు.

ఈ అతిథులపై వైద్యలోకం దృష్టి పడడానికి ఒక చెట్టు దుస్థితి కారణమయింది. అమెరికా పశ్చిమ తీరపు అడవులలో పసిఫిక్ యూ అనే చెట్టు ఉన్నది. దాని బెరడులోని ట్యాక్సాల్ అనే పదార్థపు నిర్మాణాన్ని మన్రో వాల్, మన దేశంలో జన్మించిన మన్‌సుఖ్ వాణీ తమ సహచరులతో కలసి 1971లో వెల్లడించారు. 1992లో అది అండాశయ క్యాన్సర్‌కు ఔషధంగా అక్కడ ఆమోదం పొందింది. అయితే బెరడు ఒలిస్తే చెట్టు చచ్చిపోతుంది. ఒక్క రోగి చికిత్సకే అనేక చెట్లు కావాలి. రోగిని బ్రతికించాలా, అడవిని బ్రతికించాలా?

1993లో మోంటానా పరిశోధకులు ఒక ఆశాజనకమైన వార్త ప్రకటించారు. యూ బెరడులో నివసించే ఒక శిలీంధ్రాన్ని వేరుచేసి పెంచగా, దానిలోనూ ట్యాక్సాల్ కనబడింది. కాని లభించిన పరిమాణం లీటరుకు గ్రాములో వందకోట్ల వంతులతో కొలవదగినంత స్వల్పం. శిలీంధ్రం దానిని నిజంగా స్వయంగా తయారుచేస్తుందా అని తరువాతి పరిశోధకులు సందేహించారు కూడా. నేడు ఈ ఔషధం ప్రధానంగా యూ ఆకుల నుండి, తొట్టెలలో పెంచిన యూ కణాల నుండి తయారవుతున్నది.

ఇటువంటి కథ మన పశ్చిమ కనుమలలోనూ జరిగింది. మరాఠీవారు నరక్యా అని పిలిచే చెట్టులో క్యాంప్టోథెసిన్ ఉన్నది. క్యాన్సర్ మందులకు మూలమైన ఈ పదార్థం కోసం ఆ చెట్లను విచక్షణ లేకుండా నరికారు. 2005లో జమ్మూ పరిశోధకులు ఆ చెట్టులోని శిలీంధ్రం నుండి అదే పదార్థాన్ని రాబట్టారు. అయితే ఇదే పదార్థాన్నిచ్చే చైనా చెట్టులోని మరొక శిలీంధ్రాన్ని పరిశీలించినప్పుడు ఒక విషయం బయటపడింది. ప్రయోగశాలలో తరాలు గడిచేకొద్దీ దాని దిగుబడి క్షీణించింది. తయారీలో అవసరమైన ఒక ఎంజైము దాని వద్ద లేదు. అది చెట్టు వద్దనే ఉన్నది.

అతిథిని ఇంటి నుండి వేరుచేస్తే అతని చేతి విద్య కూడా మందగించిందన్నమాట. కనుక శిలీంధ్రం దొరికింది కదా, ఇక చెట్టుతో పనిలేదనుకోవడం పొరపాటు. చెట్టు అంతరిస్తే, మనం ఇంకా పేరైనా పెట్టని అతిథులు దానితోపాటే అంతరిస్తాయి.

మరొక మాట. ఈ పదార్థాలు ఆరోగ్యకరమైన కణాలను కూడా దెబ్బతీయగలవు. అందుకే వైద్యులు రోగి శరీరాన్ని బట్టి మోతాదు లెక్కించి ఇస్తారు. ఫలానా బెరడు కషాయం క్యాన్సర్‌ను పోగొడుతుందని ఎవరైనా చెబితే, చికిత్స మాని దానివెంట పడవద్దు. ఇంట్లో ఎండబెట్టిన మూలికలకు బూజు పడితే, అందులోనూ మందు ఉందేమోనని భ్రమపడవద్దు. అది విషపూరితం కావచ్చు, నిస్సంకోచంగా పారవేయండి.