వైద్య శీర్షిక: తూటా పెట్టె మీద ఏం చూడాలి?

వారాంతాల్లో ఇన్‌డోర్ రేంజికి పిస్తోలు సాధనకు వెళ్ళే సభ్యులు కొందరు, ఏ తూటాలు కొనాలని మమ్మల్ని అడిగారు. గురి సంగతి మాకు తెలియదు. సీసం సంగతి చెప్పగలం.

గుండుకు రాగి తొడుగుంటే చాలుననుకుంటారు. చాలదు. మామూలు 'ఫుల్ మెటల్ జాకెట్' గుండుకు అడుగున సీసం బయటికే ఉంటుంది; వేడికి కొంత ఆవిరవుతుంది. పైగా తూటాను రగిలించే ప్రైమరులో సాధారణంగా లెడ్ స్టిఫ్నేట్ అనే సీసపు లవణమే వాడతారు. నాలుగు గోడల మధ్య ఆ పొగంతా మన ముక్కులోకే. కనుక గుండూ, ప్రైమరూ రెండూ సీసం లేనివని పెట్టె మీద ఉండాలి. ధర ఎక్కువే. మీ పిస్తోలుకు సరిపోతాయో, రేంజివారు ఒప్పుకుంటారో ముందే కనుక్కోండి.

అయినా పక్కవాడు పేల్చేది సీసమే కావచ్చు. మా దిగులంతా ఇంట్లో పాకే పిల్లల గురించి. చొక్కాకు, బూట్లకు అంటిన దుమ్ము తివాచీ మీదికి, అక్కణ్ణుంచి వాళ్ళ నోట్లోకి చేరుతుంది. చిన్నపిల్లల రక్తంలో డెసిలీటరుకు 3.5 మైక్రోగ్రాముల సీసమున్నా పట్టించుకోమని 2021 నుంచి సి.డి.సి. చెబుతోంది. బట్టలు మార్చుకుని, చేతులూ ముఖమూ సబ్బుతో కడుక్కున్నాకే బిడ్డనెత్తుకోండి. ఆ బట్టలు విడిగా ఉతకండి. గర్భిణులు రేంజికి వెళ్ళవద్దు. తరచు వెళ్ళేవారు రక్తంలో సీసం పరీక్ష చేయించుకోండి. ఇంట్లో పసివాళ్ళుంటే వాళ్ళకూ.