దిగేటప్పటి చెవిపోటు

విమానంలో పసిబిడ్డ ఏడ్చినప్పుడల్లా చుట్టూ ఉన్నవారు తల్లివంక చూచే చూపు నాకు నచ్చదు. బిడ్డను పెంచడం చేతకానిదన్నట్లు చూస్తారు. విమానం దిగే వేళ ఆ ఏడుపు చాలాసార్లు పెంపకలోపం కాదు, చెవిపోటు.

విమానం 35,000 అడుగుల ఎత్తున ఎగిరినా, లోపలి గాలిపీడనాన్ని 6,000 నుండి 8,000 అడుగుల కొండమీద ఉండేంతగా నిలుపుతారు. దిగేటప్పుడు అది మరల పెరుగుతుంది. కర్ణభేరికి లోపలి వైపునున్న గాలి, ముక్కు వెనుక భాగం నుండి చెవిలోకి పోయే ఒక సన్నని నాళం ద్వారానే సర్దుకోవాలి. 16వ శతాబ్దపు ఇటలీ వైద్యుడు యూస్టాకియో పేరు దానికి స్థిరపడింది. ఆ నాళం స్వభావం విచిత్రమైనది. గాలిని బయటికి సులువుగా వదలుతుంది. లోపలికి మాత్రం అడిగితేనే రానిస్తుంది. గుటక వేయడం, ఆవులించడం, నమలడం, ఇవే ఆ అడగడాలు. పసివారిలో ఆ నాళం మరీ ఇరుకు. భేరి అన్న పేరు ఎవరు పెట్టారో గాని సార్థకం. ఒకవైపు నుండే నొక్కితే ఏ తోలు మాత్రం బిగుసుకోదు?

2011లో మా అమ్మాయి పురిటికి అమెరికా ప్రయాణం. మా ఆవిడకు అప్పటికే జలుబు. టిక్కెట్లు కొన్నాము గదా అని బయలుదేరదీసినవాడను నేనే. దిగే వేళకు ఆమె నిద్రపోతున్నది. అలసిపోయింది, లేపడమెందుకని ఊరకున్నాను. అది దయ అనుకున్నాను. నిద్రలో గుటకలు తక్కువని అప్పుడు నాకు తెలియదు. చెవి పట్టుకొని లేచిన మనిషికి రెండు వారాలపాటు ఎడమచెవి సరిగా వినబడలేదు. మనుమరాలి తొలి ఏడుపును కుడిచెవితోనే విన్నది.

బెల్టు కట్టుకొమ్మని అన్నిసార్లు చెప్పేవారు, దిగడం ఆరంభించినప్పుడు "నిద్రపోయేవారిని లేపండి, పసివారికి పాలు పట్టండి" అని ఒక్క వాక్యం చెప్పరాదా? ఒకప్పుడు మన దేశవాళీ విమానాలలో పళ్ళెంలో పప్పరమెంటు బిళ్ళలు, దూది తెచ్చి ఇచ్చేవారు. దూది పీడనాన్ని ఆపజాలదు గాని, బిళ్ళ మాత్రం నిజమైన మందే. (పసివారికి పెట్టకండి, గొంతుకు అడ్డుపడుతుంది.)

ముక్కు మూసి, నోరు మూసి, మెల్లగా గాలి ఊదడమూ మంచిదే. బలంగా ఊదితే కీడు. జలుబు గట్టిగా ఉంటే ప్రయాణం వాయిదా వేయడం మేలు. వీలుకాకపోతే, దిగడానికి అరగంట ముందు వేసుకొనే ముక్కుచుక్కల మందు గురించి ముందుగానే వైద్యుని అడగాలి. పిల్లలకు మనంతట మనం వేయరాదు.

తిరుగు ప్రయాణంలో దిగడానికి ముందే ఆమెను లేపి, చేతిలో బిళ్ళ పెట్టాను. విసుక్కుంటూనే నోట వేసుకున్నది.